ఒక్క అంకె అడిగితే ఎలా?

ఒరేయ్ రఘూ,

"కొత్త కంప్యూటర్ బిగించావట, స్కోరెంత?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. ఇదేమన్నా పదో తరగతి ఫలితమా, అంకె చెప్పి మిఠాయి పంచడానికి?

సరే, ముందు నీకు కావలసిందే చెబుతాను. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో భాగాలన్నీ ఏరుకొచ్చాను. రైజెన్ 5 7600 ప్రాసెసర్, 32 జీబీ డీడీఆర్5 ర్యామ్, ఫైళ్లు దాచుకోవడానికి వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ. ప్రాసెసర్ చేత ఒక బొమ్మ గీయించి వేగాన్ని కొలిచే సినీబెంచ్ ఆర్23 పరీక్షలో స్కోరు 14 వేల దరిదాపుల్లో వస్తోంది. ఈ ప్రాసెసర్ ఉన్నవాళ్లందరికీ ఇంచుమించు అంతే వస్తుంది. అంటే నా బిగింపులో లోపం లేదని తేలింది, అంతే. ఆ స్కోరుకు అంతకు మించిన విలువ నేనివ్వను.

అందులో నాకు నచ్చేది 10 నిమిషాల పరుగు. ఒక్కసారి బొమ్మ గీయించి ఆపేస్తే ప్రాసెసర్ వేడెక్కేలోపే పరీక్ష అయిపోతుంది. ఆపకుండా గీయిస్తేనే ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ సత్తా బయటపడేది. ఈ ప్రాసెసర్ 65 వాట్లదని చెబుతారు గానీ 88 వాట్ల దాకా లాగుతుంది. 95 డిగ్రీలు తాకితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. డిసెంబరులో కొలిచి మురిసిపోతే మే నెల ఎండల్లో అదే అంకె రావాలని లేదు. అందుకే ప్రతి కొలత పక్కన గది ఉష్ణోగ్రత కూడా రాస్తున్నాను. ఆ నోటుపుస్తకం చూసి మా ఆవిడ, జ్వరం ఎవరికని అడిగింది!

ర్యామ్ సంగతి వేరు. పెట్టె మీద వేగం 6000 అని ఉన్నా, బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులు) ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌పో ఆన్ చేసేదాకా నాది 4800 దగ్గరే నడిచింది. సినీబెంచ్‌కు ర్యామ్ వేగం పెద్దగా పట్టదు కాబట్టి ఆ స్కోరు చూస్తే ఈ విషయం తెలియనే తెలియదు. ఫైళ్లను కుదించే 7-జిప్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పరీక్ష నడిపితే తేడా కనబడింది.

ఎస్ఎస్‌డీలూ అంతే. వాటి వేగాన్ని కొలిచే క్రిస్టల్‌డిస్క్‌మార్క్ మామూలుగా 1 జీబీతోనే పరీక్షిస్తుంది. చాలా డ్రైవుల్లో అది కాష్‌లోనే, అంటే రాతను ముందుగా అందుకునే వేగవంతమైన చిన్న భాగంలోనే ఇమిడిపోతుంది. నువ్వు ఎడిట్ చేసే పెళ్లి వీడియోలు వందల జీబీలు కదా, కాష్ నిండాక రాత వేగం ఎంతకు పడుతుందో నీకు ముఖ్యం.

అసలు పేరున్న పరీక్షలను పూర్తిగా నమ్మకూడదని 2001లోనే తెలిసొచ్చింది. ఏటీఐ రేడియాన్ 8500 గ్రాఫిక్స్ కార్డుతో క్వేక్ 3 ఆట జోరుగా నడిచేది. ఎవరో ఆట ఫైలులో "క్వేక్" పేరును "క్వాక్" అని మార్చి చూశారు. వేగం తగ్గింది, బొమ్మ మెరుగైంది! కార్డును నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) ఆట పేరును గుర్తుపట్టి, బొమ్మ నాణ్యత కోసేసి వేగం చూపించిందన్నమాట. నాకు భలే ఇష్టమైన కథ ఇది.

కాబట్టి నువ్వూ ఇలాంటి కంప్యూటర్ మీద డబ్బు పెట్టేముందు ఒక పని చెయ్యి. పాత పెళ్లి ప్రాజెక్టు ఒకటి హార్డ్ డిస్కులో పంపు. అదే సాఫ్ట్‌వేర్ వెర్షన్, అవే సెట్టింగులతో నీ దగ్గరా నా దగ్గరా ఎక్స్‌పోర్ట్ చేసి, పట్టిన సమయం చూద్దాం. ముందు రీస్టార్ట్ చెయ్యి, బ్రౌజర్ మూసెయ్యి, మూడుసార్లు నడిపి, మూడింటిలో ఎక్కువా తక్కువా కాని సమయం తీసుకో. నాది సగం సమయంలో ముగిస్తే కొను. పదో వంతు సమయమే ఆదా అయితే ఆ డబ్బుతో మంచి లెన్స్ కొనుక్కో.

పెళ్లి ఎవరిదైనా ఫరవాలేదు గానీ, నాది మాత్రం పంపకు. దాని ఎడిటింగ్ నువ్వింకా పూర్తి చేయలేదని మా ఆవిడకు గుర్తొస్తుంది.

నీ
శీను