జాఫ్నాలో మన బస మారుతోంది, ఎందుకంటే

అందరికీ నమస్కారం. వచ్చే బ్యాచ్‌లకు డబ్బు కట్టినవాళ్లకీ, వెళ్దామా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నవాళ్లకీ ఇది రాస్తున్నాను. శ్రీలంక ఉత్తరాన ఉన్న జాఫ్నాలో మొదటి ట్రిప్పు నుంచీ మనం దిగుతున్న హాస్టల్‌ను వదిలేస్తున్నాం. కొత్త చోట మనిషికి రాత్రికి 450 రూపాయలు ఎక్కువ పడుతుంది. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ల దగ్గర ఆ తేడా తీసుకోను. ఇకముందు బుక్ చేసేవాళ్లకు మాత్రం రేటులో కలుస్తుంది. మార్పుకు కారణం దాచకుండా చెబుతాను. అందులో నా పొరపాటు కూడా ఉంది.

ఫోన్ చేసే ప్రతి పది మందిలో తొమ్మిది మంది అడిగేది ఒకటే. "అక్కడ యుద్ధం జరిగింది కదండీ, ఇప్పుడు భయం లేదా?" శ్రీలంకలో అంతర్యుద్ధం 1983లో మొదలై 2009 మే నెలలో ముగిసింది. జాఫ్నా ఆ యుద్ధానికి నడిబొడ్డు. 1990లో ఆగిపోయిన, కొలంబో నుంచి వచ్చే యాళ్ దేవి రైలు మళ్లీ జాఫ్నా స్టేషన్‌కు రావడానికి 2014 అక్టోబరు దాకా పట్టింది. సరిగ్గా అదే నెలలో విదేశీయులు ఉత్తరాదికి రావాలంటే రక్షణ శాఖ అనుమతి తెచ్చుకోవాలని మళ్లీ నిబంధన పెట్టారు, 2015 జనవరిలో ఎత్తేశారు. జాఫ్నా దగ్గరి పలాలి విమానాశ్రయానికి చెన్నై నుంచి విమానాలు 2019లో మొదలై, కరోనాతో ఆగి, 2022 డిసెంబరులో మళ్లీ వచ్చాయి. అంటే ఊరు తలుపులు తెరుచుకుని ఎన్నో ఏళ్లు కాలేదు. అయినా ఈ రోజు బజారులో నడిచే టూరిస్టుకు తుపాకుల వల్ల వచ్చే భయం లేదు. ఆ మాట ఇప్పుడూ అంటాను.

నా పొరపాటు ఎక్కడంటే, ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పేసి అంతా చెప్పేశాననుకున్నాను. మన పాత పోస్టర్ మీద "నూటికి నూరు పాళ్లు సేఫ్" అని పెద్ద అక్షరాలతో వేయించింది నేనే. ఆ మాట తీసేశాను.

మొన్న ఆగస్టులో ఏం జరిగిందో చెబుతాను. జాఫ్నాలోని నల్లూరు కందస్వామి (మురుగన్) గుడి ఉత్సవాలు ఇరవై ఐదు రోజులు జరుగుతాయి. ఆ రోజుల్లో ఊళ్లో మంచం దొరకడం కష్టం. మనవాళ్లం పద్నాలుగు మందిమి. పై అంతస్తులో ఎనిమిది బంక్ మంచాల డార్మిటరీలో మగవాళ్లం, కింద రెండు గదుల్లో ఆడవాళ్లు. రాత్రి రెండు దాటాక కరెంటు పోయి వచ్చింది. కాసేపటికి ప్లాస్టిక్ కాలిన వాసన. మన ప్లగ్గులు అక్కడి సాకెట్లలో సరిగా పట్టవు కాబట్టి ఒకే అడాప్టర్‌కు మూడు ఫోన్లు, ఒక పవర్ బ్యాంకు తగిలించి పడుకున్నారు కుర్రాళ్లు. అడాప్టర్ కరిగి, పక్కనున్న దిండు గలీబు అంటుకుని పొగ వస్తోంది.

దిండును లాగి బాత్‌రూమ్‌లో పడేసి నీళ్లు పోశాం. మంట అక్కడితో ఆగింది. కానీ పొగకు అందరం కిందికి దిగాం, బయటికి వెళ్దామని. ముందు వరండాకు మడిచే ఇనుప గేటు, దానికి తాళం. ఫోన్ లైటు వేసుకుని వెనక వంటింటి వైపు వెళ్లాం. అక్కడి తలుపుకు అడ్డంగా ఇనుప పట్టీ, దానికి అరచేతి వెడల్పు తాళం కప్ప. కిటికీలన్నిటికీ చువ్వలు. ఓనరమ్మ గది తలుపు కొట్టి, ఆవిడ లేచి, తలగడ కింద నుంచి తాళాల గుత్తి తీసి, చీకట్లో ఏది ఏ తాళానిదో వెతికి తెరిచేసరికి నాలుగైదు నిమిషాలు పట్టింది. మనతో వచ్చిన ఒక పెద్దాయనకు ఆస్తమా. ఆయన ఆ గేటు చువ్వలు పట్టుకుని ముక్కు బయటికి పెట్టి ఊపిరి తీసుకుంటున్న దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటికి ఆ ఇంట్లో ఎన్నోసార్లు పడుకున్నాను, వెనక తలుపుకు రాత్రి తాళం వేస్తారని నాకు తెలియదు. ఎప్పుడూ చూడలేదు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయా, నీళ్లు వస్తున్నాయా, వైఫై ఉందా అని చూశానే తప్ప, రాత్రి రెండింటికి ఈ ఇంట్లోంచి బయటపడేది ఎలా అని ఒక్కసారీ అడగలేదు.

తెల్లారాక ఓనరమ్మతో కూర్చున్నాను. ఆవిణ్ణి నేను అక్కా అంటాను, నన్ను తంబీ (తమ్ముడూ) అంటుంది. కోపంతోనే మొదలుపెట్టాను. ఆవిడ మాట వినేసరికి ఆ కోపం నిలవలేదు. 1995 అక్టోబరు చివర్లో సైన్యం ఊరి మీదికి వస్తోందని తెలిసి లక్షల మంది ఒక్క రాత్రిలో జాఫ్నా వదిలి నడిచిపోయారు. అక్క అప్పుడు ఈ ఇంటికి తాళం వేసి, తాళం చెవి కొంగున కట్టుకుని ఆ గుంపులో నడిచింది. నెలల తర్వాత తిరిగొచ్చేసరికి చెవి ఉంది, తలుపు లేదు. ఆ తర్వాత చేయించిన తలుపే మేం ఆ రాత్రి తోసింది. ఆ పట్టీ, ఆ చువ్వలు, ఆ గేటు అన్నీ అప్పటివే. యుద్ధం అయిపోయాక విదేశాల్లో ఉన్న తమ్ముడు పంపిన డబ్బుతో పై అంతస్తు వేసి హాస్టల్ చేశారు. మంచాలు కొత్తవి, తాళాలు పాతవి.

జాఫ్నాలో చవక బసలు చాలావరకు ఇలాంటి ఇళ్లే. హోటల్ అని కట్టినవి కావు. బయటి నుంచి ఎవరూ లోపలికి రాకూడదని కట్టుకున్న ఇళ్లు. ఆ రోజుల్లో ప్రాణం కాపాడిన తాళమే ఈ రోజు పద్నాలుగు మంది అతిథులు పడుకునే ఇంట్లో ప్రమాదం. అక్కది నిర్లక్ష్యం అనడానికి నాకు నోరు రాదు. లోపలి నుంచి చేత్తో తీసుకునే గడియ పెట్టిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటాను అన్నాను. చాలాసేపు ఆలోచించి, "తాళం వేయకపోతే నాకు నిద్ర పట్టదు తంబీ" అంది. బలవంతం చేయలేదు. అక్కడ మన వాళ్లను మళ్లీ పడుకోబెట్టనూ లేను. పగలు భోజనాలకు మాత్రం ఇకముందు కూడా ఆవిడ దగ్గరికే వెళ్తాం, ఆవిడ ఒప్పుకుంది.

తర్వాత ఐదు రోజులు అక్కడే ఉండి తొమ్మిది ఇళ్లు తిరిగాను. అన్నీ పర్యాటక శాఖలో రిజిస్టర్ అయినవే చూశాను, కానీ ఆ కాగితంతో ఆగలేదు. ప్రతిచోటా ఒక రాత్రి డబ్బు కట్టి పడుకుంటానన్నాను. నలుగురు ఒప్పుకున్నారు. లైట్లు ఆర్పేశాక మంచం మీద నుంచి వీధి దాకా చెప్పులు లేకుండా, ఫోన్ లైటు లేకుండా నడిచి చూశాను. రెండు చోట్ల వీధి చేరలేకపోయాను. ఒకచోట చేరాను కానీ కరెంటులో తేడా వస్తే దానంతటదే ఆపేసే ట్రిప్ స్విచ్ పనిచేయడం లేదు, మీట నొక్కితే కదల్లేదు. మిగిలిన ఇంటినే తీసుకున్నాం. ముందు గేటుకు తాళం ఉంటుంది, దాని చెవి గాజు పెట్టెలో గేటు పక్కనే వేలాడుతుంది. వెనక తలుపుకు గడియ ఒక్కటే. మంటలార్పే సిలిండర్ మెట్ల దగ్గర ఉంది, తేదీ చూశాను. గదికి ఆరు మంచాలు దాటవు. అందుకే రేటు ఎక్కువ.

ఆడవాళ్ల గదుల గురించి వేరుగా అడిగాను, ఎందుకంటే పాత చోట డూప్లికేట్ తాళం చెవులు రిసెప్షన్ బల్ల సొరుగులో ఎవరికైనా అందేలా ఉండేవని మన అమ్మాయి ఒకరు చెప్పారు. కొత్త ఇంట్లో అవి ఓనరు బీరువాలో ఉంటాయి, లోపలి గొళ్లెం గట్టిది. ఒంటరిగా వచ్చే అమ్మాయిలకు కింది అంతస్తు ఇస్తాం. ఇంకా ఏమైనా ఇబ్బంది అనిపిస్తే అర్ధరాత్రయినా నన్ను లేపండి. పాస్‌పోర్ట్ మాత్రం ఎవరికీ వదిలేయకండి. బస వాళ్లు వివరాలు రాసుకుని వెంటనే తిరిగి ఇవ్వాలి, అంతే.

అడాప్టర్లు ఇకముందు మేమే ఇస్తాం. మనిషికి ఒకటి, మంచిది. సంతలో కొన్నవి తేవద్దు.

బస బయట జాగ్రత్తల్లో ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. జాఫ్నాకు వచ్చే ఏ9 రోడ్డు మీద ఎలిఫెంట్ పాస్, ముహమాలై వైపు వెళ్లేటప్పుడు తారు దాటి పొదల్లోకి అడుగు పెట్టొద్దు. ముహమాలై దగ్గర ప్రభుత్వ సైన్యం, తమిళ పులులు ఏళ్ల తరబడి ఎదురెదురుగా నిలబడ్డాయి. అక్కడ మందుపాతరలు ఏరే పని యుద్ధం ముగిసి ఇన్నేళ్లయినా అయిపోలేదు. హాలో ట్రస్ట్ అనే సంస్థ వాళ్లు 2002 నుంచి శ్రీలంకలో ఈ పని చేస్తున్నారు, వాళ్లలో స్థానిక ఆడవాళ్లు చాలామంది. పుర్రె బొమ్మ ఉన్న ఎర్ర బోర్డు కనిపిస్తే అది అలంకారం కాదు. పోయిన ఏడాది మనవాళ్లలో ఒకరు మూత్రానికని వ్యాన్ దిగి చెట్ల వైపు నడిచారు. డ్రైవరన్న హారన్ మీద చెయ్యి తీయకుండా అరిచాడు. ఆ రోజు అక్కడ బోర్డు కూడా లేదు. అది శుభ్రం చేసిన నేలే కావచ్చు, అయినా ఆయన తన పిల్లల్ని ఎలా పెంచాడో మనకీ అదే చెప్పాడు.

సైనిక శిబిరాలు, చెక్‌పోస్టుల వైపు కెమెరా పెట్టొద్దు. డ్రోన్ అనుమతి లేకుండా ఎగరేయకూడదు, తేవద్దు. మే 18, నవంబరు 27 తేదీల్లో అక్కడివాళ్లు యుద్ధంలో పోయిన తమవాళ్లను తలుచుకుని దీపాలు పెడతారు, పోలీసుల హడావిడి కూడా ఎక్కువ ఉంటుంది. ఆ వారాల్లో బ్యాచ్ పెట్టడం మానేశాను. గొడవ అవుతుందని కాదు. ఏడుస్తున్న ఇంటి ముందు మనం రీల్స్ తీసుకుంటూ తిరగడం నాకు నచ్చలేదు. 1981లో తగలబెట్టిన జాఫ్నా లైబ్రరీని మళ్లీ కట్టారు, అక్కడికి తప్పకుండా వెళ్దాం. చదువుకునేవాళ్లు ఉంటారు కాబట్టి మెల్లగా మాట్లాడదాం.

"ఇంకా డబ్బు పెట్టి పెద్ద హోటల్‌లో దిగితే ఏ గొడవా ఉండదు కదా" అని ఒకరిద్దరు అన్నారు. 2019 ఈస్టర్ రోజు శ్రీలంకలో బాంబులు పేలింది చర్చిల్లోనూ, కొలంబోలోని ఖరీదైన హోటళ్లలోనూ. రేటు పెరిగినంత మాత్రాన భద్రత పెరగదు, తగ్గినంత మాత్రాన పోదు. చవక బసలో దిగడం నాకు ఇష్టం, ఆ డబ్బు నేరుగా అక్కడి కుటుంబాలకు చేరుతుంది కాబట్టి. అందుకే మానేయకుండా వెతికాను.

ఫోన్లో ఈ నంబర్లు ఇప్పుడే వేసుకోండి. అక్కడ పోలీసులకు 119, అంబులెన్స్‌కు 1990. ఆ అంబులెన్స్‌లు భారతదేశం ఇచ్చిన సాయంతో మొదలైనవి, డబ్బు తీసుకోరు. ఆస్తమా, గుండె, షుగర్ ఏది ఉన్నా బుకింగ్ ఫారంలో రాయండి. రాస్తే రానివ్వరేమో అనుకోకండి, మీకు ఏ మంచం ఇవ్వాలో తెలుసుకోవడానికే.

ఇదంతా చదివాక వద్దనుకునేవాళ్లకు మొత్తం డబ్బు తిరిగి ఇస్తాను, క్యాన్సిలేషన్ పట్టుకోను. ఈ నెలాఖరులోగా మెసేజ్ పెట్టండి. ఆగస్టు బ్యాచ్ పద్నాలుగు మందికీ విడిగా ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను, బసకు తీసుకున్న డబ్బు వెనక్కి వేశాను. ఆస్తమా ఉన్న పెద్దాయన మళ్లీ వస్తానన్నారు, గేటు పక్క గది కావాలన్నారు. ఇస్తున్నాం.

బ్యాచ్ బయల్దేరే ముందు నేను రెండు రోజులు ముందుగా వెళ్తాను. వెళ్లిన రాత్రే వెనక తలుపు ఫోటో తీసి గ్రూపులో పెడతాను.