జావ ఎంత చిక్కగా ఉండాలి?
అందరికీ నమస్కారం. పక్షవాతం వచ్చినవాళ్లకు మంచినీళ్లే ఎక్కువగా పొలమారతాయి. పలచటివి గొంతులోకి చాలా వేగంగా జారిపోతాయి కాబట్టి. కొందరికి దగ్గు కూడా రాకుండానే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమోనియా తెస్తాయి, నాకు భయమంతా దాని గురించే.

ఆహారాన్ని, పానీయాలను చిక్కదనం బట్టి 0 నుంచి 7 దాకా వర్గీకరించే అంతర్జాతీయ పద్ధతి ఉంది, పేరు ఐడీడీఎస్ఐ. ద్రవాలను ఇంట్లోనే చూసుకోవచ్చు. 10 మి.లీ. సిరంజి (0 నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మి.మీ. ఉన్నదే) తీసుకుని, ప్లంజర్ తీసేసి, కింద వేలు అడ్డుపెట్టి 10 మి.లీ. గీత దాకా పోయండి. వేలు తీసి సరిగ్గా 10 సెకన్లు వదలండి. 1 నుంచి 4 మి.లీ. మిగిలితే 1వ స్థాయి, 4–8 అయితే 2, 8 దాటి ఇంకా కారుతుంటే 3.

రాగిజావ విషయంలో జాగ్రత్త. చల్లారితే గట్టిపడుతుంది, నోట్లో లాలాజలం తగిలితే పలచబడుతుంది. అందుకే తాగించే వేడిలోనే పరీక్షించండి, ఎంగిలి స్పూను గిన్నెలో పెట్టకండి. ద్రవాలు చిక్కబడటానికి కలిపే పొడుల్లో గ్జాంథాన్ గమ్ (ఒక రకం జిగురు) ఉన్నవాటికి లాలాజలంతో ఆ ఇబ్బంది దాదాపు ఉండదు.

మీవాళ్లకు ఏ స్థాయి సరిపోతుందో మాత్రం మింగడాన్ని పరీక్షించే స్పీచ్ థెరపిస్టే చెప్పాలి. ఈసారి వెళ్లినప్పుడు ఆ స్థాయి నంబరు అడిగి రాసుకోండి.