పూత సలహాల్లో చిగురు వయసు చెప్పండి

సంపాదకుడు గారికి,

పూత కాలం దగ్గరపడగానే పత్రికల్లోనూ ఫోన్ సందేశాల్లోనూ వచ్చే సలహాలు దాదాపు ఒకేలా ఉంటున్నాయి. ఫలానా వారంలో మామిడికి లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున పొటాషియం నైట్రేట్ పిచికారీ చేయండి, పూత వస్తుంది అంటారు. చిగురు వయసు ఊసే ఉండదు. రైతు నష్టపోయేది అక్కడే.

మామిడి కొమ్మ ఏడాది పొడవునా పెరగదు. ఒక విడత చిగురేస్తుంది, రాగి రంగు ఆకులు ముదురు పచ్చకు తిరుగుతాయి, ఆపైన కొన మొగ్గ నెలల తరబడి కదలకుండా ఉండిపోతుంది. పూత ఎక్కువగా ఆ కొన నుంచే రావాలి. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపులకు పడిపోయే చోట చలే పూతను తెస్తుంది. అంత చలి లేని ఉష్ణమండలంలో చిగురు ముదరడమే ముఖ్యం. రకాన్ని బట్టి నాలుగైదు నెలలు, కొన్నిటికి ఇంకా ఎక్కువే పడుతుంది. పూత కోసం చెట్ల కింద పొగబెట్టే పాత పద్ధతికి బదులుగా 1970ల్లో ఫిలిప్పీన్స్‌లో రామోన్ బార్బా అనే శాస్త్రవేత్త వెలుగులోకి తెచ్చిన పొటాషియం నైట్రేట్ సిద్ధంగా ఉన్న మొగ్గను కదిలిస్తుంది, అంతే. లేత కొమ్మ మీద కొడితే ఆకులే వస్తాయి. మందు ఖర్చు వృథా, ఆ కొమ్మ మీద ఆ ఏటి కాపూ పోయినట్టే.

ఒకే చెట్టుకు ఒక పక్క ముదురు కొమ్మలు, ఇంకో పక్క లేత చిగుళ్లు ఉండటం మామూలే. కాబట్టి సలహా కాయ కోత అయిన వెంటనే మొదలవ్వాలి. తేలికగా కొమ్మలు కత్తిరించి, చిగుళ్లన్నీ ఒకే విడతలో వచ్చేలా చూసుకొమ్మని అప్పుడే చెప్పాలి.

పాక్లోబ్యూట్రజాల్ అనే మందు గురించి నాకు మరింత ఆందోళనగా ఉంది. అది చెట్టులో జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ తయారీని అణచి చిగురును ఆపుతుంది, పూతను ముందుకు తెస్తుంది. నిజమే. కానీ నేలలో చాలా కాలం నిలిచిపోతుంది. మోతాదు మించితే కొమ్మలు గిడసబారతాయి, పూగుత్తులు కుంచించుకుపోతాయి. ఏటా అలవాటుగా పాదుల్లో పోసే మందు కాదది.

జామ సంగతి పూర్తిగా వేరు. కొత్త చిగురు ఆకు పంగల్లోనే పూస్తుంది కనుక కత్తిరిస్తే పూత వస్తుంది. అన్ని పండ్ల చెట్లకూ కలిపి ఒకే సలహా వేయడం తప్పు.

వ్యవసాయ శాఖ అధికారులకు, మీ వ్యవసాయ పేజీకి నా విన్నపం: ప్రతి పూత సలహాలోనూ చిగురుకు ఎంత వయసుండాలో, ముదురు కొమ్మను ఎలా గుర్తించాలో ముందు రాయండి. వీలైతే లేత, ముదురు కొమ్మల ఫొటోలు పక్కపక్కన వేయండి. పిచికారీ తేదీ, మోతాదు ఆ తర్వాత చెప్పండి.

ఇట్లు,
ఒక పండ్లతోట రైతు