వెగాస్ వెళ్లే ముందు ఒకసారి చదువు, చిన్నా

చిన్నా,

నిన్న నువ్వు నాన్నతో మాట్లాడుతుంటే ఫోన్ స్పీకర్‌లో ఉంది, అంతా విన్నాను. ఫ్రెండ్స్‌తో వెగాస్ వెళ్తున్నావు, సంతోషం. వద్దని చెప్పడానికి రాయట్లేదు, ముప్పై దాటినవాణ్ని ఆపడం నా వల్ల అయ్యే పనా. కానీ "ఓడితే డబుల్ చేస్తా, మళ్లీ ఓడితే మళ్లీ డబుల్, ఎప్పుడో ఒకప్పుడు గెలవక తప్పదు కదా, చాలా సేఫ్" అన్నావు చూడు, దానికి మీ నాన్న "లాజిక్ బాగానే ఉందిరా" అని తలూపాడు చూడు, నాకు చిక్కుడుకాయలు ఒలవడం ఆగిపోయింది. ఇన్నేళ్లు మల్లేశ్వరం పిల్లలకి లెక్కలు చెప్పి, ఇంట్లో ఈ మాట వినాల్సి వచ్చింది.

సరే, నువ్వు చెప్పినట్టే చేద్దాం. క్రాప్స్, అదే రెండు పాచికల ఆట, ఆ టేబుల్ దగ్గర 15 డాలర్లతో మొదలుపెట్టావు. పోయింది, 30. తర్వాత 60, 120, 240, 480, 960. వరసగా ఏడు పోతే మొత్తం 1,905 డాలర్లు ఊడ్చుకుపోయినట్టే, ఎనిమిదోసారి 1,920 పెట్టాలి, టేబుల్ లిమిట్ అంత ఒప్పుకుంటుందో లేదో, ఒకవేళ ఒప్పుకుని నువ్వు గెలిచినా చివరికి చేతికొచ్చే లాభం అదే పదిహేను. ఏడు వరసగా ఎక్కడ పోతాయిలే అంటావు. పాస్ లైన్ అని అక్కడి మామూలు పందెంలో సుమారు 116 సార్లకు ఒకసారి పోతాయి. మిగతా 115 సార్లూ పదిహేనేసి గెలుచుకున్నావే అనుకో, 1,725 వస్తాయి, ఆ ఒక్కసారి 1,905 పోతుంది. ఇందులో సేఫ్ ఎక్కడుందో నువ్వే చూపించు.

తాతయ్య చెప్పే నలుడి కథ గుర్తుందా, జూదంలో రాజ్యం పోగొట్టుకున్నాక ఋతుపర్ణుడి దగ్గర సారథిగా చేరతాడు. దారిలో ఆ రాజు తాండ్రచెట్టు చూసి ఆకులెన్ని, కాయలెన్ని అని టక్కున చెప్పేస్తే, నలుడు నమ్మక, రథం ఆపి లెక్కపెట్టి మరీ చూస్తాడు. లెక్క సరిపోయాకే అక్షహృదయం అడుగుతాడు, బదులుగా అశ్వహృదయం ఇస్తాడు. ఒకరికి పాచికల మర్మం, ఒకరికి గుర్రాల మర్మం. వాళ్లిద్దరి సంగతేమో గానీ మనింట్లో నాన్నకి గుర్రాల పిచ్చి, నీకు ఇప్పుడు పాచికలు, మధ్యలో నేను ఆకులు లెక్కపెట్టుకుంటున్నాను.

క్యాసినోలో అక్షహృదయం అంటే వేరే ఏం లేదు, రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు, అందులో మొత్తం ఏడు వచ్చేవి ఆరు. అంతే. చెయ్యి తిప్పడం, ఊదడం, ఇందాకటి నుంచి ఏడు పడలేదు కాబట్టి ఇప్పుడు పడుతుందనడం, ఇవన్నీ కాలక్షేపం. నీ చేతిలో ఉన్నది ఏ గడిలో పెట్టాలి, ఎంత మెల్లగా ఆడాలి అన్నదే. పాస్ లైన్‌లో మొదటి వేటుకే 7 గానీ 11 గానీ పడితే గెలుపు, 2, 3, 12 పడితే పోయినట్టు, ఇంకేది పడినా అది పాయింట్, ఏడు కంటే ముందు అదే మళ్లీ పడాలి. 495 సార్లలో 244 నీవి, 251 వాళ్లవి, అంటే క్యాసినో వాటా 1.41 శాతం. డోంట్ పాస్‌లో 1.36, ఇంకాస్త తక్కువే, కాకపోతే చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటి కోరుకుంటుంటే నువ్వు ఎదురు పందెం కాసినట్టు ఉంటుంది, నీకు మొహమాటం ఎక్కువ కాబట్టి ఎలాగూ కాయవు. పాయింట్ పడ్డాక పాస్ లైన్ పందెం వెనక అదనంగా పెట్టే ఆడ్స్ పందెంలో మాత్రం వాళ్లకి వాటా సున్నా, 4కి, 10కి ఒకటికి రెండు ఇస్తారు, అది న్యాయమైన లెక్కే. కానీ వాటా లేదు కదా అని వెనక కుప్ప పోయకు, సగటు మారకపోయినా ఒక్క ఏడుతో పోయే మొత్తం పెద్దదవుతుంది.

టేబుల్ మధ్యలో రంగురంగుల గళ్లుంటాయి, వాటి జోలికి పోవద్దు. "ఎనీ సెవెన్" అని ఒకటుంది, అసలు లెక్క ప్రకారం ఒకటికి ఐదు ఇవ్వాలి, వాళ్లిచ్చేది నాలుగు. అక్కడ వాటా 16.67 శాతం. గంటలో పాస్ లైన్ మీద పదిహేను డాలర్ల పందాలు ముప్పై తేలితే సగటున ఆరు డాలర్ల చిల్లర పోతుంది, కాఫీ తాగి కూర్చున్నట్టు. అదే ఆ గడి మీద ప్రతి వేటుకీ ఐదేసి పెడుతూ పోతే వంద వేట్లకి ఎనభైకి పైనే సమర్పించుకుంటావు.

ఇక గుర్రాలు. డిసెంబర్‌లో వచ్చినప్పుడు నాన్నతో రేసుకోర్సుకి వెళ్తానన్నావట. "రేసు జూదం కాదు, నైపుణ్యం అని 1996లో సుప్రీంకోర్టే చెప్పింది" అని ఆయన ఇప్పటికే నీకు చెప్పేసి ఉంటాడు. నిజమే, చెప్పింది. నైపుణ్యం లేదని నేనూ అనను, కానీ ఆ నైపుణ్యానికి ముందు కట్టే కప్పం సంగతి ఆయన చెప్పడు. 2025 సెప్టెంబర్ 22 నుంచి రేసు పందాల మీద జీఎస్టీ 40 శాతం. గెలుపు పదివేలు దాటితే 30 శాతం టీడీఎస్ వేరే, పైగా అదే రోజు మిగతా రేసుల్లో పోయింది అందులోంచి తీసేసుకోవడానికి లేదు. అక్కడ కాలిఫోర్నియా కూడా మరీ ధర్మసత్రం కాదు, శాంటా అనీటా రేసుకోర్సులో విన్ పందెం, అంటే ఫలానా గుర్రం గెలుస్తుందని కాసే డబ్బులోంచి 15.43 శాతం ముందే తీసి మిగిలింది పంచుతారు. పాచికల దగ్గర ఒకటిన్నర కూడా లేదన్నది పక్కన పెట్టి చూడు.

అయినా మీ నాన్న ఇల్లు గుల్ల చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి. పద్ధతుంది ఆయనకి. చొక్కా జేబులో ఎంత పెట్టుకెళ్తే అంతే, ఏటీఎం కార్డు నా బ్యాగులో. రేసుకి ముందు గుర్రాలని ప్యాడక్ అనే ఆవరణలో తిప్పుతున్నప్పుడు కంచె పట్టుకుని నిలబడతాడు, ఏది మెడ దగ్గర నురగలా చెమట పట్టి బెదురుతోందో, ఏది నిదానంగా అడుగేస్తోందో చూసి రేసు పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు పెడతాడు. ఆ తర్వాత ముప్పాతిక రేసులు కాయకుండా వదిలేస్తాడు. ఇంతవరకు పరిగెత్తని కొత్త గుర్రాలైతే వదిలేస్తాడు, వానపడి ట్రాక్ మెత్తబడితే వదిలేస్తాడు. అందరూ ఎక్కువగా కాసే ఫేవరెట్ గుర్రం సుమారుగా మూడింట ఒకసారే గెలుస్తుంది, పది కాస్తే అసలుతో కలిపి పద్దెనిమిది ఇచ్చేచోట అది సగానికి పైన గెలిస్తే తప్ప గిట్టదు, ఆ లెక్క మాత్రం ఆయనకి నేనే నేర్పాను. జాక్‌పాట్ ముట్టడు. ఐదు రేసుల్లో గెలిచే గుర్రాలన్నీ చెప్పాలి, రేసుకి పదేసి గుర్రాలుంటే లక్ష టికెట్ల లెక్క అది.

ఆఖరి రేసులో పోయిందంతా రాబట్టుకుందామని పెద్ద నోట్లు తీసేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ టెన్షన్. నాన్నని ఆ రేసుకి ముందే బయటికి లాక్కొచ్చి ఆటో ఎక్కిస్తాను, ట్రాఫిక్ పేరు చెప్పి.

నువ్వు కూడా ఆ రాత్రికి ఎంతని ముందే నగదు తీసుకో, కార్డు రూమ్‌లో పెట్టెయ్. మందు ఊరికే ఇస్తున్నారు కదా అని తాగి టేబుల్ దగ్గర నిలబడకు. ఏమైనా గెలిస్తే మాత్రం ఫోన్ ముందు నాకు చెయ్యి, నాన్నకి కాదు, విన్నాడంటే వచ్చే శనివారం చొక్కా జేబు పెద్దదవుతుంది.

అమ్మ