కొత్త ఆల్బమ్స్ ప్రీఆర్డర్ల విషయంలో మీకో మాట చెప్పాలి

అందరికీ నమస్కారం అండి. నా దగ్గర వినైల్ రికార్డులు, అంటే ప్లేయర్ మీద సూదితో వినే పెద్ద డిస్క్‌లు, ప్రీఆర్డర్ పెట్టినవాళ్ళు కొన్ని వారాలుగా చాలామంది మెసేజ్‌లు పెడుతున్నారు, నా రికార్డ్ ఎంతవరకు వచ్చింది, ఆల్బమ్ రిలీజ్ అయిపోయింది కదా మీ దగ్గరికి ఇంకా ఎందుకు రాలేదు అని. విడివిడిగా రిప్లైలు ఇస్తూనే ఉన్నా, కానీ అందరికీ ఒకేసారి ఉన్నదున్నట్టు చెప్పేయడం మంచిదనిపించి ఇది రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్తా. 2024 నవంబర్ 1న ద క్యూర్ బ్యాండ్ వాళ్ళ ఆల్బమ్ సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్ వచ్చింది కదా, 2008లో 4:13 డ్రీమ్ అనే ఆల్బమ్ తర్వాత మళ్ళీ అదే, అంటే పదహారేళ్ళు. ఇంత గ్యాప్ వచ్చాక ఎంతమంది కొంటారులే అని కాపీలు బాగా తక్కువ పెట్టా. రెండు రోజుల్లో అయిపోయాయి, రీస్టాక్ కోసం కొంతమంది నెల దాటి ఆగారు. ఆ దెబ్బకి తర్వాతి ఏడాది రెండో వైపుకి వెళ్ళిపోయా. 2025 అక్టోబర్ 3న టేలర్ స్విఫ్ట్ ద లైఫ్ ఆఫ్ ఎ షోగర్ల్ వచ్చినప్పుడు కనిపించిన రంగుకల్లా ఆర్డర్ పెట్టేశా. పాటలు అవే పన్నెండు, మారేది కవరు, డిస్క్ రంగు. అమెరికాలో మొదటి వారమే అమ్మకాలు, స్ట్రీమింగ్ కలిపి 40 లక్షల యూనిట్లు దాటింది, 2015లో అడెల్ తన ‘25’ ఆల్బమ్‌తో కొట్టిన లెక్క కూడా వెనకబడిపోయింది, అంత పెద్ద ఆల్బమ్ అది, అందులో సందేహం లేదు. కానీ మన కస్టమర్లు ఎక్కువమంది ఒక్క కాపీ తీసుకుని హాయిగా విన్నారు. మిగతా రంగులన్నీ షెల్ఫ్‌లో ఉండిపోయాయి, డబ్బంతా అక్కడే ఇరుక్కుపోయింది, సరిగ్గా రెండు వారాలకి, అక్టోబర్ 17న, టేమ్ ఇంపాలా ఆల్బమ్ డెడ్‌బీట్ వచ్చేసరికి సరిపడా ఆర్డర్ పెట్టలేకపోయా. ముందు ఆల్బమ్ వచ్చిన 2020 నుంచి దీనికోసం ఎదురుచూసినవాళ్ళు మీలో ఉన్నారు. మీకు నిజంగా సారీ అండి.

అందుకే ఇకనుంచి ఏ ఆల్బమ్ అయినా ఒక బ్లాక్, ఇంకో రంగు, అంతకుమించి తెప్పించను. రంగుదైతే సౌండ్ తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు, నా అనుభవంలో రంగు కన్నా ప్రెస్సింగ్, అంటే వేడి ప్లాస్టిక్‌ని అచ్చులో నొక్కి డిస్క్ తీసే పని, ఎంత శ్రద్ధగా చేశారన్నదే తేడా చూపిస్తుంది, సరిగా చల్లారకముందే ప్యాక్ చేసేస్తే బ్లాక్ అయినా వంకర పోతుంది.

ఇంకో విషయం, లేటు గురించి. శుక్రవారం ఫోన్‌లో ఆల్బమ్ వచ్చేస్తుంది కాబట్టి రికార్డ్ కూడా అదే రోజు చేతికొస్తుందని అనుకుంటాం, 2015 జులై నుంచి ప్రపంచమంతా శుక్రవారమే రిలీజ్ డే అయింది కదా. కానీ వినైల్ పని అంతకు నెలల ముందే మొదలవ్వాలి. ల్యాకర్ అనే మెత్తటి పూత ఉన్న మాస్టర్ డిస్క్ మీద గాడి కోయాలి, దానికి లోహపు పూత వేసి స్టాంపర్, అంటే డిస్క్‌లు నొక్కే లోహపు అచ్చు, తీయాలి, నమూనాగా తీసిన టెస్ట్ ప్రెస్సింగ్ విని ఓకే అనాలి, అప్పుడు గానీ మిషన్ ఎక్కదు. ఈలోపు ఆర్టిస్ట్ మనసు మార్చుకుంటే? 2024లో బియాన్సే కౌబాయ్ కార్టర్‌కి అదే జరిగింది, స్ట్రీమింగ్‌లో ఉన్న పాటల్లో కొన్ని మొదటి వినైల్ కాపీల్లో లేవు. ‘యా యా’ పాట ఏదండీ అని నన్ను అడిగారు, ఏం చెప్పాలో తెలియలేదు. ఇకమీదట డిస్క్‌లో ఏ పాటలున్నాయో లిస్ట్ నా చేతికొచ్చాకే ఆర్డర్ పేజీ తెరుస్తా, స్టాక్ కన్ఫర్మ్ అయ్యేదాకా మీ దగ్గర డబ్బు తీసుకోను. ఒక సప్లయర్ మూడుసార్లు డేట్ మార్చి ఒక్కసారి కూడా ముందుగా చెప్పలేదు, కానీ మీకు ఆ కబురు ఎప్పటికప్పుడు అందించాల్సింది నేనే, అది నేను చేయలేదు.

పల్ప్ బ్యాండ్ వాళ్ళ ‘మోర్’ ఆల్బమ్ పార్సిల్ సంగతి కూడా చెప్పాలి. 2001 తర్వాత ఇరవై నాలుగేళ్ళకి వచ్చిన ఆల్బమ్, 2023లో పోయిన వాళ్ళ బేస్ ప్లేయర్ స్టీవ్ మ్యాకీకి అంకితం ఇచ్చారు, నాకు చాలా ఇష్టమైంది. బాక్స్ తెరిచి చూస్తే పై అంచు పొడవునా కవరు చీలిపోయి లోపలి స్లీవ్ తెల్లగా బయటికి కనిపిస్తోంది. దారిలో బాక్స్ కింద పడ్డప్పుడల్లా డిస్క్ తన బరువుకి కవరుని లోపలి నుంచే కోసేస్తుంది, పైన ఎంత బబుల్ ర్యాప్ చుట్టినా లాభం లేదు. దానికి మందు ఒకటే, సీల్, అంటే పైన చుట్టిన ప్లాస్టిక్, తీసి డిస్క్‌ని కవరు బయట, వెనకాల పెట్టి పంపాలి. కొంతమందికి సీల్ ఉంటేనే ఇష్టం, అది నాకు అర్థమవుతుంది, కాబట్టి ఆర్డర్ పెట్టేటప్పుడు సీల్ తీయమంటారా వద్దా అని అడుగుతా, మీరు ఎలా అంటే అలాగే.

సీల్ తీయమన్నవాళ్ళవి పంపేముందు నేనే ఒకసారి ప్లేయర్ మీద పెట్టి చూస్తా, మొత్తం కాదు గానీ చివరి పాట మాత్రం తప్పకుండా, ఎందుకంటే మధ్యకి వచ్చేకొద్దీ గాడి చుట్టు చిన్నదై సౌండ్‌లో లోపం ఉంటే అక్కడే ఎక్కువగా బయటపడుతుంది. క్యూర్ ఆల్బమ్‌లో చివరి పాట ఎండ్‌సాంగ్ చూడండి, పది నిమిషాల పాట, వాళ్ళ సింగర్ రాబర్ట్ స్మిత్ గొంతు ఆరు నిమిషాలు దాటాక గానీ వినపడదు. అంతసేపు డ్రమ్స్, గిటార్ అలా పెరుగుతూ పెరుగుతూ వచ్చి సరిగ్గా ఆయన నోరు తెరిచే చోట సూది ఎగిరితే ప్రాణం ఉసూరుమంటుంది. అలా ఎగిరే కాపీ ఒకటి నా చేతుల మీదుగానే ఒకరికి వెళ్ళింది, మార్చి ఇచ్చాననుకోండి, అయినా ఆ మొదటిసారి వినడం మళ్ళీ రాదు కదా.

డెడ్‌బీట్ ఆర్డర్ పెట్టి ఆగినవాళ్ళందరికీ ఈ వారంలో విడిగా మెయిల్ వస్తుంది, ఆగుతానంటే వరసలో మీ చోటు మీదే, వద్దంటే మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేస్తా, కారణం అడగను. కవరు చిరిగి వచ్చినవాళ్ళు ఒక ఫోటో, సూది ఎగురుతుంటే పది సెకన్ల వీడియో పంపండి చాలు.