దివాన్ దేవ్డీ కమాన్ దగ్గర ఒక్క బోర్డు పెట్టించండి

తెలంగాణ పర్యాటక, సాంస్కృతిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

పోయిన నెల ఊరి నుంచి వచ్చిన మా మేనకోడలికి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాను. మేలిముసుగు రెబెక్కా విగ్రహం ముందు చాలాసేపు నిలబడిపోయింది. పాలరాతి ముసుగు వెనక ముఖం ఎలా కనిపిస్తోందో దానికి అంతు పట్టలేదు. ఈ బొమ్మను 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నాడని చెప్పాను. "మరి ఆయన ఇల్లేది మామయ్యా?" అంది.

దగ్గరే కదా అని ఆయన ఉండిన భవనం, దివాన్ దేవ్డీకి తీసుకెళ్ళాను. కమాన్ కింద నుంచి బట్టల మూటలతో తోపుడుబండ్లు, ఆటోలు పోతున్నాయి. లోపలంతా హోల్‌సేల్ రెడీమేడ్ దుకాణాలు. అటూ ఇటూ వెతికాను. ఇది ఎవరి ఇల్లో చెప్పే ఒక్క అక్షరం నాకు కనిపించలేదు. పిల్లకు ఏం చూపించాలో తోచలేదండీ.

1853లో బేరార్‌ను ఇంగ్లీషువాళ్ళకు అప్పగిస్తూ సంతకాలైన కొద్ది రోజులకే దివాన్, అంటే నిజాం ప్రధానమంత్రి, సిరాజుల్ ముల్క్ పోయారు. ఆ భారం ఆయన సోదరుడి కొడుకు మీర్ తురాబ్ అలీ ఖాన్ మీద పడింది. ఈయనే మొదటి సాలార్‌జంగ్. అప్పటికి వయసు 24 ఏళ్ళు. ఖజానా ఖాళీ, నెత్తిన అప్పులు, తాలూకాలు తాకట్టులో. శిస్తు వసూలు గుత్తేదార్ల చేతిలో ఉండేది. గుత్త పాడుకున్నవాడు రైతు దగ్గర ఎంత పిండితే అంత. ఆ పద్ధతి తీసేసి జీతాలిచ్చి అధికారులను పెట్టింది ఈయనే. 1865లో జిలాబందీతో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టాడు. ఈ రోజు మనం "మా జిల్లా" అంటున్నామంటే దాని మొదలు అక్కడుంది. మా తాతలు లెక్కపెట్టిన హాలీ సిక్కా నాణేలు, దారుల్ ఉలూమ్ బడి, 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు వచ్చిన రైలు, అన్నీ ఆయన హయాంలోవే. ముగ్గురు నిజాముల దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేసి, 1883 ఫిబ్రవరి 8న కలరాతో పోయాడు. దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి చేశారు.

1857 సంగతి కూడా దాచకూడదు. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ తిరగబడి కోఠీలోని రెసిడెన్సీ, అంటే ఇంగ్లీషువాళ్ళ ప్రతినిధి ఉండే భవనం మీదికి వెళ్ళినప్పుడు ఈయన ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలబడ్డాడు. నాకు అది ఇప్పటికీ మింగుడు పడదు. బోర్డు మీద అదీ రాయించండి. మనిషిని పూర్తిగా చెబితేనే పిల్లలు నమ్ముతారు.

ఇక ఆ ఇల్లు. అద్దాల ఆయినా ఖానా, కలపతో కట్టిన లక్కడ్ కోట్, గోడల నిండా పింగాణీ కప్పులూ సాసర్లూ పొదిగిన చీనీ ఖానా. రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోల్లో ఆ చీనీ ఖానాను చూస్తే కళ్ళు తిప్పుకోలేం. మనవడు మూడో సాలార్‌జంగ్ పోయాక, 1951 డిసెంబర్ 16న నెహ్రూ గారు మ్యూజియం తెరిచింది ఈ దేవ్డీలోనే. 1968లో వస్తువులన్నీ కొత్త భవనానికి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఇల్లు కూడా పోయింది. కోఠీ రెసిడెన్సీకి మళ్ళీ పాత కళ తెచ్చారు, చాలా సంతోషం. ఆ రెసిడెన్సీతో రోజూ బేరమాడి రాజ్యాన్ని నిలబెట్టిన దివాన్ ఇంటికి కనీసం గుర్తు ఉండాలి కదా?

కూలిపోయిన గోడలు తెమ్మని అడగడం లేదు. దుకాణాలవాళ్ళ పొట్ట కొట్టమనీ అనడం లేదు. మ్యూజియం కేంద్రం కింద ఉందని తెలుసు, కానీ కమాన్ దగ్గర బోర్డు పెట్టడం మీ చేతిలో పనే. తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో ఆయన కథ రాయించండి. దేవ్డీ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండేదో ఒక పటం వేయించండి. పక్కన చీనీ ఖానా ఫొటో పెద్దది చేసి పెట్టించండి, వానకు తడవకుండా.

దసరా సెలవులకు మా మేనకోడలు మళ్ళీ వస్తుంది. ఆలోగా ఆ బోర్డు పెట్టించగలరా?

ఇట్లు,
పాతబస్తీ వాసి ఒకరు