అనుభవం లేదంటున్నారు సరే, ఇచ్చేదెవరు?

సంపాదకులు గారికి నమస్కారం.

చదువుకున్న పిల్లలు ఉద్యోగాలకు పనికిరావడం లేదని కంపెనీల పెద్దలు వాపోయిన కథనం మీ పత్రికలో వచ్చి చాలా రోజులైంది. అప్పుడే రాద్దామనుకుని, ఎందుకులే అని ఊరుకున్నాను. మొన్న ఆదివారం ఉద్యోగ ప్రకటనల పేజీ చూశాక ఇక ఆగలేకపోయాను. కథనంలోనేమో పిల్లలకు పని రాదన్నారు. ప్రకటనల్లోనేమో పని వచ్చినవాళ్లే కావాలన్నారు. మరి వాళ్లకు ఆ పని నేర్పాల్సింది ఎవరని మీ విలేకరి ఒక్కరినైనా అడగాల్సింది.

ఆ పేజీలో ఒక ప్రకటనకు పైన పెద్ద అక్షరాలతో ‘ఫ్రెషర్లకు అవకాశం’ అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, సంబంధిత రంగంలో రెండేళ్ల అనుభవం తప్పనిసరి అని ఉంది. రెండేళ్లు పనిచేసినవాడు ఫ్రెషర్ ఎలా అవుతాడు? అనుభవం ఉన్న మనిషిని కొత్తవాడి జీతానికి తెచ్చుకోవాలన్నదే దీని అసలు అర్థం. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టుంది ఈ పిల్లల పరిస్థితి. ఉద్యోగం లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే ఉద్యోగం ఇవ్వరు.

మా తమ్ముడి కూతురు మంచి మార్కులతో డిగ్రీ పూర్తి చేసింది. ఈమధ్య నా పక్కనే కూర్చుని ఒక కంపెనీకి ఆన్‌లైన్‌లో అప్లికేషన్ నింపింది. ‘మొత్తం అనుభవం, సంవత్సరాల్లో’ అన్న గడి దగ్గర ఎర్ర చుక్క ఉంది, అంటే నింపి తీరాలి. సున్నా కొడితే ఒప్పుకోలేదు, సరైన విలువ నమోదు చేయండి అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఖాళీగా వదిలేస్తే తర్వాతి పేజీకి పోనివ్వలేదు. ఉత్తినే ఒకటి కొట్టి చూస్తే వెంటనే పోనిచ్చింది. ఆ తర్వాతి పేజీలో పాత యజమాని పేరు, చివరి మూడు నెలల పే స్లిప్పులు, ఉద్యోగం మానేయడానికి కారణం అడిగారు. “మానేయాలంటే ముందు చేరాలి కదా అత్తా” అని ఆ పిల్ల అప్లికేషన్ అక్కడితో ఆపేసింది.

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. ఉన్నది ఉన్నట్టు సున్నా రాసిన పిల్లను గుమ్మంలోనే ఆపేసి, అబద్ధం రాసినవాళ్లను లోపలికి రానిచ్చే ఫారం అది. డబ్బులిస్తే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాసిస్తామనేవాళ్లు ఊరికే పుట్టుకు రాలేదు. వాళ్లు చేసేది ముమ్మాటికీ తప్పే. కానీ ఆ వ్యాపారానికి దారి వేసింది ఇలాంటి ఫారాలే. తర్వాత వెరిఫికేషన్‌లో దొరికిపోయి భవిష్యత్తు పాడుచేసుకునేది మాత్రం ఆ పిల్లలు.

నేను అకౌంట్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. చేరేనాటికి నాకు డెబిట్, క్రెడిట్ అన్న మాటలు తప్ప లెడ్జర్ ఎలా రాస్తారో తెలియదు. మా సీనియర్ ఒకావిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి వరుసనూ పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడించేవారు. రెండు మొత్తాలూ కలిస్తేనే పేజీ తిప్పనిచ్చేవారు. లెక్క తేలకపోతే తేడాను తొమ్మిదితో భాగించి చూడమనేవారు. శేషం రాకపోతే ఎక్కడో 54 బదులు 45 పడినట్టు, అంకెలు తారుమారయ్యాయేమో వెతకమనేవారు. ఇదేదీ నాకు కాలేజీలో చెప్పలేదు. వచ్చిన మొదటి వారంలోనే ఈ అమ్మాయికి ఏమీ రాదని ఆవిడ పైవాళ్లకు చెప్పి ఉంటే నా ఉద్యోగం అక్కడితో సరి.

తర్వాత నేనూ కొత్తగా వచ్చినవాళ్లకు అలాగే నేర్పాను. మొదటి కొన్ని నెలలు వాళ్ల వల్ల మన పని ఆలస్యమవుతుంది, విసుగూ వస్తుంది. అయినా నేర్పడం కూడా మా ఉద్యోగంలో భాగమే అనుకునేవాళ్లం. ఇప్పుడు ఒకరు వెళ్లిపోతే వాళ్ల పనంతా మిగిలినవాళ్ల నెత్తిన వేస్తున్నారు. ఇక కొత్తవాడి పక్కన కూర్చునే తీరిక ఎవరికుంటుంది? పిల్లల్లో నైపుణ్యం తగ్గిందని మీ కథనంలో చాలామంది అన్నారు. ఆఫీసుల్లో నేర్పే అలవాటు తగ్గిందని ఒక్కరూ అనలేదు.

నేర్పితే మానేసి పక్క కంపెనీకి పోతారని యజమానులు అంటారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న గ్యారీ బెకర్ 1960ల్లోనే ఈ సంగతి వివరించారు. ఎక్కడైనా పనికొచ్చే విద్య నేర్పడానికి కంపెనీ తన డబ్బు పెట్టదు, ఎందుకంటే దాని ఫలితం ఇంకొకరికి పోవచ్చు. అది ఒప్పుకుంటాను. కానీ ప్రతి కంపెనీ పక్క కంపెనీయే నేర్పి పంపాలని కూర్చుంటే చివరికి నేర్పేవాళ్లే మిగలరు. ఆ తర్వాత మనుషులు దొరకడం లేదని పత్రికలకెక్కి బాధపడితే ఏం లాభం? ఆ కొరత వాళ్లు చేతులారా తెచ్చుకున్నది.

జర్మనీలో దీన్ని కంపెనీల దయాదాక్షిణ్యాలకు వదిలేయలేదు. అక్కడ 1969లో వృత్తి శిక్షణ చట్టం చేశారు. మూడు వందలకు పైగా వృత్తుల్లో కుర్రవాళ్లు కంపెనీతో ఒప్పందం రాసుకుని, కొంత కాలం పనిలో, కొంత కాలం వృత్తి పాఠశాలలో గడుపుతారు. నెలనెలా భత్యం వస్తుంది. చాలా కోర్సులు మూడు, మూడున్నరేళ్లు ఉంటాయి. చివర్లో పరీక్ష పెట్టేది ఆ కంపెనీ కాదు, వాణిజ్య మండలి లాంటి సంస్థ. కాబట్టి ఆ సర్టిఫికెట్‌ను ఇంకో కంపెనీ కూడా నమ్ముతుంది.

అంత పెద్ద ఏర్పాటు రాత్రికి రాత్రే రాదంటారు, నిజమే. అయితే చిన్న సాయం కూడా ఎంత పనిచేస్తుందో చూడండి. అమాండా పల్లాయిస్ అనే అమెరికా ఆర్థికవేత్త 2014లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆన్‌లైన్‌లో పనులు వెతుక్కునేవాళ్లలో 952 మందికి లాటరీ తీసినట్టు కొద్ది గంటల డేటా ఎంట్రీ పని ఇచ్చి, ఎలా చేశారో అందరికీ కనిపించేలా రాశారు. అంతకుముందు ఏ పనీ దొరకని కొత్తవాళ్లకు ఆ తర్వాత పనులూ సంపాదనా బాగా పెరిగాయి. నిన్నటి వరకు ఎవరూ తలెత్తి చూడని మనిషి, ఒక్క చిన్న పని, ఒక నిజాయితీ గల మాట తోడవగానే అందరికీ పనికొచ్చాడు! దక్షిణాఫ్రికాలో జరిగిన మరో పరిశోధనలో, పాత యజమాని రాసిన రిఫరెన్స్ లెటర్ జతచేసిన దరఖాస్తులకు పిలుపులు 60 శాతం పెరిగాయి, ముఖ్యంగా ఆడపిల్లలకు. ఒక ఉత్తరం రాయడానికి ఎవరికైనా ఏం ఖర్చవుతుంది? సెలవుల్లో పిల్లలతో పని చేయించుకున్న ప్రతి ఒక్కరూ, ఆ పిల్ల ఏం చేసిందో, ఎలా చేసిందో నాలుగు వాక్యాలు రాసివ్వవచ్చు. కాలేజీలు ఇచ్చే ప్రాజెక్టు సర్టిఫికెట్లలో పేరు తప్ప అన్నీ ఒకటే. వాటిని చూసి ఎవరు నమ్ముతారు?

ఇక అధికారుల సంగతి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2023లో ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 24 ఏళ్ల మధ్యవాళ్లలో 6.49 కోట్ల మంది నిరుద్యోగులు, అంటే 13 శాతం. పదిహేనేళ్లలో ఇదే అతి తక్కువ అని కూడా అందులో ఉంది. సంతోషమే. కానీ అటు చదువులోనూ ఇటు పనిలోనూ, కనీసం శిక్షణలోనూ లేనివాళ్లు ప్రతి ఐదుగురిలో ఒకరున్నారని, వాళ్లలో ప్రతి ముగ్గురికి ఇద్దరు ఆడపిల్లలేనని అదే నివేదిక చెప్పింది. వెతికి వెతికి విసిగి మానేసినవాళ్లు నిరుద్యోగుల లెక్కలోకే రారు. ఆ శాతం ఒక్కటే చూసి ఏ పాలకుడైనా పరిస్థితి బాగుందంటే నేను నమ్మను.

ఐరోపా సమాఖ్య 2013లో పెట్టుకున్న యువ హామీలో, చదువు అయిపోయిన లేదా పని పోయిన నాలుగు నెలల్లోపు ఉద్యోగమో, అప్రెంటిస్‌షిప్పో, పై చదువో చూపించాలని గడువు ఉంది. అమలులో లోపాలు లేకపోలేదు. అయినా గడువంటూ ఉంటే అది దాటినప్పుడు అడగడానికి వీలుంటుంది. మామూలు ఉపాధి కార్యాలయంలో పేరు నమోదు చేసుకున్నాక అడగడానికేముంది? అక్కడివాళ్లు పేర్లు రాసుకుంటారు, రెన్యువల్ తేదీ చెబుతారు. శిక్షణ కేంద్రాలైతే ఎంతమందికి సర్టిఫికెట్లు ఇచ్చామో గొప్పగా ప్రకటిస్తాయి. వాళ్లలో ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, ఏడాది తర్వాత ఎంతమంది అందులో ఉన్నారో కూడా బోర్డు మీద రాయాలని ప్రభుత్వాలు నిబంధన పెట్టాలి. ప్రజల డబ్బుతో నడిచే ప్రతి కేంద్రానికీ ఇది వర్తించాలి.

జీతం లేని ఇంటర్న్‌షిప్‌ల గురించి వేరే ఉత్తరం రాయాలి. ఒక్క మాట మాత్రం చెబుతాను. నెలల తరబడి ఊరికే పనిచేయగలిగేది ఇంట్లో జరుగుబాటు ఉన్న పిల్లలే. లేనివాళ్లకు ఆ ‘అనుభవం’ కూడా అందదు. అంతకంటే ఘోరం, ఉద్యోగం ఇప్పిస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ పేరుతో డబ్బు గుంజడం. ప్రైవేటు ఉపాధి ఏజెన్సీలు పని వెతుక్కునేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997 నాటి 181వ ఒప్పందంలోనే ఉంది. ఆఫర్ లెటర్ ఇవ్వడానికి ఎవరు డబ్బు అడిగినా అది ఉద్యోగం కాదని పిల్లలకు ప్రతి ఇంట్లో చెప్పాలి. ఇంటర్వ్యూకి పిలిచి, టెన్షన్ పెట్టి, ఆ తర్వాత లేదని ఒక్క మెసేజ్ కూడా పంపని కంపెనీలకు కనీస మర్యాద ఎవరు నేర్పుతారో నాకు తెలియదు.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. ప్రకటనలు లేకుండా పత్రిక నడవదని నాకు తెలుసు. అయినా ఫ్రెషర్లను పిలిచి అనుభవం అడిగే ప్రకటన, చేరేముందు డబ్బు కట్టమనే ప్రకటన మీ పేజీల్లో వేయకండి. ఈసారి ఏ కంపెనీ పెద్దయినా పిల్లలకు పని రాదని బాధపడితే, మీ విలేకరితో మూడు ప్రశ్నలు అడిగించండి. పోయిన ఏడాది అనుభవం అసలే లేనివాళ్లను ఎంతమందిని తీసుకున్నారు? వాళ్లకు ఎన్ని నెలలు నేర్పారు? పక్కన కూర్చుని నేర్పింది ఎవరు? ఆ జవాబులను వారి పేరుతో, కంపెనీ పేరుతో సహా మొదటి పేజీలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంట్స్ ఉద్యోగిని